వేడి మీద అల్యూమినియం కాంపోజిట్ నడక: కంప్యూటర్ మోడల్ కట్టడం ఎలా?

పల్లీ చిక్కీ చేసేవాళ్లను దగ్గర నుంచి చూస్తే ఈ విషయం సగం అర్థమైపోతుంది. పాకం దించి, పల్లీలు కలిపి, నెయ్యి రాసిన పీట మీద పోస్తారు. అప్పడాల కర్ర ఆడించడానికి దొరికేది కొద్దిసేపే. తొందరపడితే పాకం కర్రకు అంటుకుంటుంది. ఆలస్యం చేస్తే పల్లీ పక్కనే పగులు పుడుతుంది. ఒక్క పాకమే అయితే ఇంత పేచీ ఉండదు. గట్టి పల్లీ కదలదు కాబట్టి మెత్తటి పాకమే దాని చుట్టూ తిరిగి పారాలి. చిక్కంతా అక్కడే.

సిలికాన్ కార్బైడ్ కణాలు కలిపిన అల్యూమినియం, అంటే అల్యూమినియం కాంపోజిట్, ఫోర్జింగ్ ప్రెస్ (వేడి లోహాన్ని నొక్కి ఆకారమిచ్చే యంత్రం) కింద పెట్టే ఇబ్బంది కూడా ఇదే. 6061 అనే మామూలు అల్యూమినియం మిశ్రలోహం 350 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ మధ్య చాలా వరకు మాట వింటుంది. అందులోనే ఘనపరిమాణంలో 15 శాతం సిలికాన్ కార్బైడ్ చేరితే మాట వినే చోటు ఇరుకైపోతుంది. వేడి తగ్గినా, వేగం పెరిగినా కణాలు విరుగుతాయి, లేదా లోహం నుంచి ఊడి ఖాళీలు మిగులుస్తాయి. ఆ ఇరుకు చోటు ఎక్కడుందో బిల్లెట్లు (ప్రెస్‌లో పెట్టే లోహపు దిమ్మెలు) పాడుచేసుకుంటూ వెతకడం ఖరీదైన పని. అందుకే కంప్యూటర్ మోడల్.

వరంగల్ నిట్‌లోనో ఐఐటీ హైదరాబాద్‌లోనో మెటలర్జీ ప్రాజెక్టు మొదలుపెట్టినవాళ్లను, కంచన్‌బాగ్, బాలాపూర్ ల్యాబుల్లో కొత్తగా చేరినవాళ్లను, ఫోర్జింగ్ షాపులో సిమ్యులేషన్ నేర్చుకుంటున్నవాళ్లను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ప్రతిబలం, వికృతి అని పుస్తకాల్లో ఉంటుంది. మనం పనిలో అనే స్ట్రెస్, స్ట్రెయిన్ అనే మాటలే ఇక్కడ వాడతాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: మోడల్ గీత టెస్టు గీతతో కలిసిపోగానే పని అయిపోయినట్టు కాదు. ఆ గీత కింద, కణానికీ కణానికీ మధ్య ఏం జరుగుతోందో చెప్పలేకపోతే కాంపోజిట్ విషయంలో అది సగం మోడలే.

ముందు ప్రశ్న తేల్చుకోండి

"కాంపోజిట్‌ను మోడల్ చేయాలి" అనేది ప్రశ్న కాదు. ప్రెస్‌కు ఎన్ని టన్నుల బలం కావాలి, బిల్లెట్ లోపల వేడి ఎంతకు చేరుతుంది అనేది మీ ప్రశ్న అయితే, పదార్థాన్ని ఒకే ముద్దగా చూసే పెద్ద స్థాయి ఫైనైట్ ఎలిమెంట్ మోడల్ (వస్తువును చిన్న చిన్న గడులుగా విడగొట్టి లెక్కించేది) చాలు. ఏ ఉష్ణోగ్రతలో, ఏ వేగంతో నొక్కితే క్షేమం అనేది ప్రశ్న అయితే ప్రాసెసింగ్ మ్యాప్ కావాలి. కణాలు విరుగుతాయా, ఊడతాయా అనేది ప్రశ్న అయితే కణాలను విడివిడిగా చూపే సూక్ష్మ మోడల్ కట్టాలి. మూడింటికీ పునాది మాత్రం ఒకటే: వేడి మీద చేసిన కంప్రెషన్ టెస్టులు. పిండి కొద్దీ రొట్టె. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు పిండికే ఇస్తున్నాను.

మొదటి అడుగు: చేతిలో ఉన్న పదార్థాన్ని కొలవడం

ఇందులో మూడు పాత్రలున్నాయి. మొదటిది మూల లోహం, అంటే మ్యాట్రిక్స్. రెండోది కణం. మూడోది వాటిని కలిపే హద్దు. అల్యూమినియం యంగ్స్ మాడ్యులస్ సుమారు 70 గిగాపాస్కల్స్, సిలికాన్ కార్బైడ్‌ది 400 పైమాటే. వేడికి వ్యాకోచం చూస్తే డిగ్రీకి మీటరుకు అల్యూమినియం దాదాపు 23.6 మైక్రాన్లు సాగుతుంది, సిలికాన్ కార్బైడ్ నాలుగున్నర చిల్లర. సాంద్రతలు 2.70, 3.21. కాబట్టి 15 శాతం కాంపోజిట్ సాంద్రత 2.78 దగ్గర రావాలి. ముక్కను నీళ్లలో తూచి చూడండి. అంతకంటే బాగా తక్కువ వస్తే లోపల గాలి బుడగలున్నట్టే, ఆ ముక్కతో చేసిన టెస్టుకు విలువ లేదు.

తర్వాత మైక్రోస్కోప్. పాలిష్ చేసిన ముఖం మీద కనీసం పది చోట్ల ఫోటోలు తీసి, ఫిజీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కణాల పరిమాణం, పొడవు వెడల్పుల నిష్పత్తి, పక్క కణానికి దూరం కొలవండి. సగటు ఒక్కటి రాసుకుంటే చాలదు, పంపిణీ మొత్తం కావాలి. ముందే ఎక్స్‌ట్రూజన్ అయిన, అంటే డై రంధ్రం గుండా నెట్టిన కడ్డీ అయితే కణాలు లాగిన దిశలో బారులు తీరి ఉంటాయి. ఆ దిశలో కోసిన ముఖానికీ అడ్డంగా కోసిన ముఖానికీ పోలికే ఉండదు. స్టిర్ క్యాస్టింగ్‌లో, అంటే కరిగిన లోహంలో కణాలు కలియబెట్టి పోసినదైతే కణాలు గుంపులుగా చేరతాయి. పగుళ్లు మొదలయ్యేది ఆ గుంపుల దగ్గరే కాబట్టి వాటిని విడిగా గుర్తు పెట్టుకోండి.

కాంపోజిట్‌తో పాటు అదే దారిలో తయారైన, కణాలు లేని 6061 ముక్కలు కూడా తప్పకుండా తెప్పించుకోండి. సూక్ష్మ మోడల్ కట్టేటప్పుడు ఇది లేక చాలామంది ఆగిపోతారు.

రెండో అడుగు: టెస్టుల పట్టిక

10 మిల్లీమీటర్ల వ్యాసం, 15 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న స్తూపాలు వాడండి. ఉష్ణోగ్రతలు 300, 350, 400, 450, 500 డిగ్రీలు. స్ట్రెయిన్ రేట్లు, అంటే స్ట్రెయిన్ పెరిగే వేగాలు, సెకనుకు 0.001, 0.01, 0.1, 1, 10. మొత్తం 25 టెస్టులు. వీలైతే నాలుగు మూలల్లోనూ మధ్యలోనూ రెండోసారి చేయండి. 6061 కరగడం మొదలయ్యేది 582 డిగ్రీల దగ్గర కాబట్టి 500 దాటి పోవాలంటే జాగ్రత్త. ఎక్కువ వేగంలో ముక్క తనంతట తానే వేడెక్కుతుంది.

నిజ స్ట్రెయిన్ (తొలి, చివరి ఎత్తుల నిష్పత్తికి సహజ లాగరిథమ్) 0.7 వరకు నొక్కితే 15 మిల్లీమీటర్లు 7.45 అవుతుంది. రేటు 0.1 దగ్గర స్థిరంగా ఉండాలంటే నొక్కే తల మొదట సెకనుకు 1.5 మిల్లీమీటర్ల వేగంతో కదిలి, చివరికి దాదాపు 0.75కు తగ్గాలి. మెషీన్ ఇలా వేగం తగ్గిస్తోందో లేదో రికార్డు తీసి చూడండి. ఒకే వేగంతో పోయే మెషీన్ అయితే టెస్టు చివర్లో అసలు రేటు రెట్టింపు అయిపోయి ఉంటుంది.

థర్మోకపుల్ ముక్క నడుముకు వెల్డ్ చేయాలి. రెండు ముఖాలకూ గ్రాఫైట్ రేకు పెట్టాలి. నొక్కే ముందు వేడిలో నానబెట్టే సమయం అన్ని ముక్కలకూ ఒకటే ఉండాలి, ఎందుకంటే 6061లో మెగ్నీషియం సిలిసైడ్ కరిగే తీరు ఆ సమయం మీదే ఆధారపడుతుంది. నొక్కడం అయిన వెంటనే నీళ్లలో ముంచేయాలి. ఆలస్యమైతే వేడి మీద ఏర్పడ్డ సూక్ష్మనిర్మాణం మారిపోతుంది, చివరి అడుగులో పోల్చుకోవడానికి ఏమీ మిగలదు.

మూడో అడుగు: డేటా శుద్ధి

ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. మెషీన్ ఇచ్చిన గీతలో పదార్థం గుణం ఒక్కటే ఉండదు. రాపిడి ఉంటుంది, పుట్టిన వేడి ఉంటుంది, మెషీన్ సొంత సాగుదల కూడా ఉంటుంది.

మొదట ముక్క పనికొస్తుందో లేదో చూడండి. నొక్కాక అది డోలులా నడుము దగ్గర ఉబ్బుతుంది. చివరి ఎత్తును నడుము వ్యాసార్ధం వర్గంతో గుణించి, తొలి ఎత్తును తొలి వ్యాసార్ధం వర్గంతో గుణిస్తే వచ్చేదానితో భాగించండి. జవాబు 1.1 దాటితే ఆ టెస్టు పక్కన పెట్టేయాలి. అంకెలతో చూద్దాం. తొలి లెక్క 15 × 25 = 375. చివరి ఎత్తు 7.45, వెర్నియర్ మీద నడుము వ్యాసం 14.8 వచ్చిందనుకోండి. 7.45 × 7.4 × 7.4 = 408. భాగిస్తే 1.09, నిలబడింది. అదే వ్యాసం 15.2 వస్తే నిష్పత్తి 1.15, పోయింది. రెండింటికీ తేడా 0.4 మిల్లీమీటర్లే. వెర్నియర్ పట్టుకునే చెయ్యి అంత నిలకడగా ఉండాలి మరి.

ఇక రాపిడి దిద్దుబాటు. కొలిచిన పీడనాన్ని, 1 + (2 × రాపిడి గుణకం × వ్యాసార్ధం) ÷ (3 × √3 × ఎత్తు) అనే రాశితో భాగిస్తే అసలు స్ట్రెస్ వస్తుంది. షియర్ రాపిడి గుణకం 0.3 అనుకుంటే, టెస్టు మొదట్లో ఈ దిద్దుబాటు దాదాపు 4 శాతం. చివర్లో ముక్క పొట్టిగా, వెడల్పుగా అయిపోతుంది కాబట్టి 11 శాతం. అంటే రాపిడి గీతను పైకి వంచుతోంది, పదార్థం గట్టిపడుతున్నట్టు భ్రమ కలిగిస్తోంది.

వేడి దీనికి వ్యతిరేకం. నొక్కడానికి పెట్టిన పనిలో 90–95 శాతం వేడిగా మారుతుంది. సెకనుకు 10 రేటులో టెస్టు 0.07 సెకన్లలో అయిపోతుంది, వేడి బయటికి పోయే వ్యవధి ఉండదు. స్ట్రెస్ 106 మెగాపాస్కల్స్ ఉందనుకుంటే ఘనమీటరుకు 74 మెగాజౌళ్ల పని. దాన్ని సాంద్రత, విశిష్టోష్ణాలతో భాగిస్తే ముక్క సుమారు 25 డిగ్రీలు వేడెక్కుతుంది. కింద నాలుగో అడుగులో వాడే సమీకరణం ప్రకారం 400 డిగ్రీల దగ్గర డిగ్రీకి అర మెగాపాస్కల్ చొప్పున బలం తగ్గుతుంది. అంటే గీత చివర దాదాపు 13 మెగాపాస్కల్స్ కిందికి దిగుతుంది. ఆ దిగడాన్ని చూసి "డైనమిక్ రీక్రిస్టలైజేషన్ జరిగింది", అంటే నొక్కుతుండగానే కొత్త రేణువులు పుట్టి లోహం మెత్తబడింది అని రాసేస్తారు. మొదట్లో నేనూ అలాగే రాశాను. ముక్క కోసి చూస్తే కొత్త రేణువుల జాడ లేదు. ఆ మెత్తదనం పుట్టింది ముక్క వేడెక్కడం వల్ల.

ఇంకా జాగ్రత్తపడాల్సింది ఈ రెండు తప్పులూ కలిసినప్పుడు. రాపిడి పైకి లాగుతుంది, వేడి కిందికి లాగుతుంది, గీత చదునుగా కనిపిస్తుంది. స్థిరస్థితి వచ్చేసిందని సంతోషిస్తాం. దిద్దాక చూస్తే అది చదును కానే కాదు. అందుకే ఒక్కో దిద్దుబాటు చేశాక వేరే ఫైలు దాచుకోండి. ముడి గీత, రాపిడి దిద్దిన గీత, వేడి దిద్దిన గీత మూడూ ఒకే బొమ్మలో గీసి చూడండి.

నాలుగో అడుగు: సమీకరణం

వేడి మీద అల్యూమినియానికి చాలా కాలంగా నిలబడిన సమీకరణం సెల్లార్స్, మెక్‌టెగార్ట్ 1966లో ఇచ్చిన హైపర్బాలిక్ సైన్ రూపం. దానికంటే ముందు 1944లో జీనర్, హోలొమన్ ఉష్ణోగ్రతనూ వేగాన్నీ ఒకే రాశిలోకి, అంటే జెడ్‌లోకి, కుదించారు. రెండూ కలిపితే ఇలా ఉంటుంది:

జెడ్ = స్ట్రెయిన్ రేట్ × ఎక్స్‌పొనెన్షియల్ (క్యూ ÷ ఆర్‌టి)

జెడ్ = ఎ × [హైపర్బాలిక్ సైన్ (ఆల్ఫా × స్ట్రెస్)] ఘాతం ఎన్

ఇక్కడ క్యూ యాక్టివేషన్ ఎనర్జీ (లోహం వేడి మీద కదలడానికి దాటాల్సిన శక్తి గడప, మోల్‌కు), ఆర్ వాయు స్థిరాంకం 8.314, టి కెల్విన్లలో ఉష్ణోగ్రత. తేల్చుకోవాల్సినవి నాలుగు: ఎ, ఆల్ఫా, ఎన్, క్యూ.

చాలా థీసిస్‌లలో ముందు ఒక గ్రాఫ్ వాలు నుంచి ఆల్ఫా, దాన్ని పెట్టి ఇంకో గ్రాఫ్ నుంచి ఎన్, ఆ తర్వాత క్యూ అని వరుసగా సగటులు తీసుకుంటూ పోతారు. చేత్తో లెక్కలు చేసే రోజుల్లో అది సరే. ఇప్పుడు పైథాన్‌లో సైపై లైబ్రరీతో నాలుగింటినీ ఒకేసారి, లాగరిథమ్ స్కేల్ మీద, కనిష్ఠ వర్గాల పద్ధతిలో తేల్చవచ్చు. ప్రారంభ విలువలు మార్చి ఇరవైసార్లు నడపండి. ఎ, క్యూ ఒకదానికొకటి కట్టుబడి కదులుతాయి కాబట్టి ఒక్కసారి వచ్చిన జవాబును నమ్మకూడదు.

చేతికి అందేలా ఒక లెక్క చేద్దాం. ఇవి అభ్యాసం కోసం అనుకున్న విలువలు: క్యూ 200 కిలోజౌళ్లు, ఆల్ఫా 0.02, ఎన్ 5, ఎ సహజ లాగరిథమ్ 31. ఉష్ణోగ్రత 400 డిగ్రీలు, అంటే 673 కెల్విన్లు. రేటు 0.1. క్యూ ÷ ఆర్‌టి 35.74. అందులో 2.30 తీసేస్తే జెడ్ లాగరిథమ్ 33.44. 31 తీసి 5తో భాగిస్తే 0.488. దాని ఎక్స్‌పొనెన్షియల్ 1.63. విలోమ హైపర్బాలిక్ సైన్ 1.264. 0.02తో భాగిస్తే 63 మెగాపాస్కల్స్. ఇదే లెక్క 450 డిగ్రీలకు చేస్తే 44 వస్తుంది. యాభై డిగ్రీలకు దాదాపు మూడో వంతు బలం పోయింది. ఫర్నేస్ నుంచి ప్రెస్ దాకా బిల్లెట్ తెచ్చేలోపు చల్లారే ప్రతి పది డిగ్రీలకూ ఎంత లెక్క కట్టాలో ఇప్పుడు మీకే తెలుస్తుంది. ఇదంతా ఒక్కసారి కాగితం మీద చేశాకే కోడ్ రాయండి.

క్యూ విలువ చూసి కంగారు పడొద్దు. శుద్ధ అల్యూమినియంలో పరమాణువుల స్వీయ విసరణకు దాదాపు 142 కిలోజౌళ్లు చాలు. కాంపోజిట్‌కు అంతకంటే బాగా ఎక్కువ రావడం మామూలే. కణాలు కొంత భారం మోస్తాయి, పౌడర్ మెటలర్జీ దారిలో వచ్చిన సన్నటి ఆక్సైడ్ తునకలు డిస్‌లొకేషన్లకు (లోహం సాగడానికి కదలాల్సిన స్ఫటిక లోపాలకు) అడ్డుపడతాయి. అందుకే దాన్ని "కనిపించే" యాక్టివేషన్ ఎనర్జీ అంటాం. ఆ అంకె నుంచి విసరణ గురించి కథ అల్లడం పొరపాటు.

స్ట్రెయిన్‌తో పాటు ఈ నాలుగు విలువలూ మారతాయి. వాటికి అయిదో డిగ్రీ బహుపది తొడగడం వాడుక. తప్పు లేదు, కానీ ఆ బహుపది 0.7 దాటగానే ఎటు పోతుందో చెప్పలేం. ఫోర్జింగ్ సిమ్యులేషన్‌లో డై మూలల దగ్గర స్ట్రెయిన్ 2, 3 కూడా అవుతుంది. అక్కడ బహుపది ఇచ్చిన స్ట్రెస్ ఒక్కోసారి సున్నా కంటే తక్కువ! కాబట్టి కొలిచిన హద్దు దాటాక చివరి విలువనే స్థిరంగా ఉంచేలా కోడ్‌లో రాయండి.

న్యూరల్ నెట్‌వర్క్ వాడాలనుకునేవాళ్లకు ఒక్క మాట. 25 గీతల నుంచి వేల బిందువులు వస్తాయి. కానీ ప్రయోగాలు 25 మాత్రమే. బిందువులను కలగలిపి కొన్ని శిక్షణకు, కొన్ని పరీక్షకు పంచితే, పక్క బిందువును చూసి ఈ బిందువును చెప్పడమే అవుతుంది. తప్పు శాతం అద్భుతంగా తక్కువ వస్తుంది, మోడల్ మాత్రం ఏమీ నేర్చుకుని ఉండదు. గీతలను గీతలుగానే పంచండి. సైన్ సమీకరణానికీ ఇదే పరీక్ష: 400 డిగ్రీల వరుస మొత్తం దాచిపెట్టి, మిగతా వాటితో విలువలు తేల్చి, ఆ వరుసను చెప్పమనండి.

అయిదో అడుగు: ప్రాసెసింగ్ మ్యాప్

బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పనిచేసిన వై.వి.ఆర్.కె. ప్రసాద్ అమెరికాలోని సహచరులతో కలిసి 1984లో టైటానియం 6242 ఫోర్జింగ్ మీద ఈ పద్ధతిని ప్రకటించారు. ఆలోచన తేలికే. వేగం పెరిగితే స్ట్రెస్ ఎంత పెరుగుతుందో చెప్పే రేట్ సెన్సిటివిటీని, అంటే ఎమ్‌ను, లాగరిథమ్ గ్రాఫ్ వాలు నుంచి తీస్తారు. సామర్థ్యం = 2ఎమ్ ÷ (ఎమ్ + 1). పెట్టిన శక్తిలో సూక్ష్మనిర్మాణం మారడానికి ఎంత పోతోందో ఇది చెబుతుంది. పై ఉదాహరణ విలువలతో 0.1, 10 రేట్ల మధ్య ఎమ్ 400 డిగ్రీల దగ్గర 0.11, సామర్థ్యం 20 శాతం. 450 దగ్గర ఎమ్ 0.14, సామర్థ్యం 24 శాతం.

అస్థిరత ఎక్కడో చూపడానికి ప్రసాద్ షరతు ఒకటుంది. తిరువనంతపురం విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రంలో ఎస్.వి.ఎస్. నారాయణ మూర్తి, బి. నాగేశ్వరరావు ఇచ్చిన షరతు ఇంకొకటి. వాళ్లు సామర్థ్యాన్ని స్ట్రెస్ గీత కింది వైశాల్యం నుంచి నేరుగా లెక్కించి, 2ఎమ్ దానికంటే తక్కువైతే అస్థిరమంటారు. స్ట్రెస్ ఘాత నియమాన్ని పాటించని పదార్థాలకు ఇది నమ్మకంగా ఉంటుంది. రెండూ గీసి ఒకదాని మీద ఒకటి పరచండి. అస్థిర ప్రాంతానికి ఎరుపు వేయండి, రెండూ ఎర్రగా చూపిన చోటికి పోకండి.

ఇక్కడ రెండు హెచ్చరికలు. ఎమ్ లెక్కించడానికి నాలుగో అడుగులో వచ్చిన నున్నటి సమీకరణం వాడొద్దు, శుద్ధి చేసిన టెస్టు డేటానే వాడండి. సమీకరణం గతుకులన్నీ చదును చేసేస్తుంది, అస్థిరత దాక్కునేది ఆ గతుకుల్లోనే. రెండోది కాంపోజిట్‌కు మరీ ముఖ్యం. సామర్థ్యం ఎక్కువ ఉన్న చోటల్లా మంచిదనుకోవద్దు. కణం విరగడానికీ, హద్దు ఊడడానికీ కూడా శక్తి ఖర్చవుతుంది. మ్యాప్ దాన్ని కూడా సామర్థ్యంగానే చూపిస్తుంది. శిఖరం రీక్రిస్టలైజేషన్‌దా, పగుళ్లదా అన్నది మ్యాప్ చెప్పదు. చెప్పాల్సింది తర్వాతి మోడల్, ఆ తర్వాత మైక్రోస్కోప్.

ఆరో అడుగు: కణాలు కనిపించే మోడల్

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చూస్తే తెలుస్తుందంటారు. కాంపోజిట్‌లో ఒక్క మెతుకు చాలదు. ఒకే గోళాన్ని పెట్టెలో పెట్టి లెక్కిస్తే సగటు బలం బాగానే వస్తుంది, కానీ పగుళ్లు పుట్టేది రెండు కణాలు దగ్గరైన చోట. అందుకే కనీసం 30 కణాలున్న ప్రతినిధి ఘనం కట్టండి. కణాలను ఒక్కొక్కటిగా యాదృచ్ఛికంగా పెడుతూ, ముందున్న దానికి తగిలితే తీసేస్తూ పోతే 15 శాతానికి ఇబ్బంది లేకుండా చేరవచ్చు. మొదటి అడుగులో కొలిచిన పరిమాణ పంపిణీ ఇక్కడ అక్కరకొస్తుంది. ఘనం ఎదురెదురు ముఖాలు ఒకేలా కదిలేలా ఆవర్తన హద్దు నిబంధనలు పెట్టండి. మెష్‌కు, అంటే ఘనాన్ని గడులుగా విడగొట్టడానికి, జీమెష్, లెక్కకు కాల్క్యులిక్స్ ఉచితంగా దొరుకుతాయి. ల్యాబులో అబాకస్ ఉంటే ఇంకా సుఖం.

మొదట ఎలాస్టిక్ పరీక్ష ఒక్కటే నడపండి. అల్యూమినియానికి 70, సిలికాన్ కార్బైడ్‌కు 430 గిగాపాస్కల్స్ పెడితే 15 శాతానికి జవాబు 80కీ 124కీ మధ్య పడాలి. ఆ హద్దులు చేత్తోనే లెక్కించవచ్చు: ఒకటి విలోమాల సగటు, ఒకటి మామూలు సగటు. బయటికి వస్తే హద్దు నిబంధనల్లోనో, యూనిట్లలోనో తప్పుంది. ముందుకు పోకండి.

తర్వాత మ్యాట్రిక్స్‌కు నియమం. నేను చూసిన తప్పుల్లో ఎక్కువసార్లు ఎదురైంది ఇక్కడే: కాంపోజిట్ టెస్టు నుంచి తీసిన సమీకరణాన్నే మ్యాట్రిక్స్‌కు పెట్టేసి, మళ్లీ కణాలు చేర్చడం. కణాల బలం రెండుసార్లు లెక్కకొచ్చేస్తుంది. మ్యాట్రిక్స్‌కు కణాలు లేని 6061 ముక్కల డేటా కావాలి. అందుకే వాటిని ముందే తెప్పించుకోమన్నాను.

కణాలకు ఎలాస్టిక్ గుణాలు, విరిగే బలానికి వీబుల్ పంపిణీ (కణం కణానికీ బలం ఎంత మారుతుందో చెప్పే గణాంక నియమం) ఇవ్వండి, ఎందుకంటే పెద్ద కణంలో లోపం ఉండే అవకాశం ఎక్కువ, అది ముందు విరుగుతుంది. హద్దుకు కొహెసివ్ పొర, అంటే కొంత బలం దాటితే ఊడిపోయే జిగురు లాంటి పొర, పెట్టండి. దాని బలం నేరుగా కొలవడం కష్టం కాబట్టి రెండు మూడు విలువలతో నడిపి, ఫలితం ఎంత మారుతుందో చూపండి. ఒకే విలువ పెట్టి కచ్చితంగా చెప్పడం నిజాయితీ కాదు.

పుట్టుకతో వచ్చిన స్ట్రెస్‌ను కూడా చూసుకోవాలి. 500 నుంచి గది ఉష్ణోగ్రతకు చల్లారేటప్పుడు వ్యాకోచాల తేడా 0.9 శాతం స్ట్రెయిన్ మిగులుస్తుంది. కణం చుట్టూ అల్యూమినియం ఈల్డ్ అవడానికి, అంటే తిరిగి రాకుండా సాగిపోవడానికి, అది చాలా ఎక్కువ. మళ్లీ వేడి చేసి నానబెడితే ఆ స్ట్రెస్ చాలా వరకు సడలిపోతుంది. అందుకే ఫోర్జింగ్ లెక్కను స్ట్రెస్ లేని స్థితి నుంచి మొదలుపెట్టవచ్చు. ఫోర్జింగ్ అయ్యాక చల్లారడాన్ని మాత్రం వదలొద్దు.

ఈ మోడల్ ఏం చూపిస్తుంది? తక్కువ వేడి, ఎక్కువ వేగంలో మ్యాట్రిక్స్‌కు సడలే సమయం ఉండదు. డిస్‌లొకేషన్లు కణం చుట్టూ పేరుకుంటాయి, భారం కణం మీద పడి అది విరుగుతుంది. ఎక్కువ వేడి, నెమ్మది వేగంలో కణం చుట్టూ విసరణ ఆ పేరుకున్న దాన్ని కరిగించేస్తుంది, కణం మీద భారం తగ్గుతుంది. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో తేలితే, మ్యాప్‌లో శిఖరం దేనిదో మీకు దొరికినట్టే. పెద్ద స్ట్రెయిన్లలో మెష్ నలిగిపోతుంది. 0.3 దాటాక రీమెషింగ్ (గడులు మళ్లీ కొత్తగా వేయడం) లేకుండా వచ్చిన అంకెలను నమ్మకండి. రెండు కొలతల మోడల్ బొమ్మకు బాగుంటుంది, అంకెలకు మాత్రం మూడు కొలతలదే వాడండి.

ఏడో అడుగు: ప్రెస్ దాకా

ఇప్పుడు పెద్ద మోడల్. డీఫామ్, ఫోర్జ్, అబాకస్, ఏదైనా సరే. నాలుగో అడుగు సమీకరణం, పనిలో వేడిగా మారే వంతు, డై ఉష్ణోగ్రత, రాపిడి, డైకి వేడి జారే గుణకం ఇవ్వండి. ఫర్నేస్ తలుపు నుంచి డై మీదకు వచ్చే సెకన్లను కూడా చేర్చండి. షాపులో వాచీ పెట్టి కొలిచిన సమయమే వేయాలి, ఊహించి వేయొద్దు.

నడపబోయే ముందు చేతి లెక్కతో ఒక అంచనా వేసుకోండి. ఎక్స్‌ట్రూజన్‌లో సగటు స్ట్రెయిన్ రేట్ దాదాపు 6 × ర్యామ్ (నెట్టే దండం) వేగం × అడ్డుకోత వైశాల్యాల నిష్పత్తి లాగరిథమ్ ÷ బిల్లెట్ వ్యాసం. 100 మిల్లీమీటర్ల బిల్లెట్, సెకనుకు 2 మిల్లీమీటర్లు, నిష్పత్తి 20 అయితే 0.36. సిమ్యులేషన్ సగటు దీనికి ఆమడ దూరంలో ఉంటే ఆగి చూడండి. డై నోటి మూలల్లో మాత్రం రేటు దీనికి ఎన్నో రెట్లుంటుంది, అక్కడే ఉపరితలం చిరుగుతుంది. బయటికొచ్చే కడ్డీ ఉష్ణోగ్రత 582కు ఎంత దగ్గరగా పోతోందో కూడా గమనించండి.

తర్వాత బిల్లెట్‌లో మూడు నాలుగు బిందువులు ఎంచుకోండి: నడిమధ్య, ఉపరితలం, డై మూల. ఒక్కో బిందువు కాలంతో పాటు చూసిన ఉష్ణోగ్రత, స్ట్రెయిన్ రేట్ చరిత్రను బయటికి తీసి, ప్రాసెసింగ్ మ్యాప్ మీద దారిలా గీయండి. ఆ దారి ఎర్ర ప్రాంతంలోకి ఎక్కడ అడుగుపెట్టిందో కనిపిస్తుంది. అదే చరిత్రను ఆరో అడుగు ఘనానికి ఇచ్చి నడిపితే, ఆ క్షణంలో కణాల మీద ఏం పడిందో తెలుస్తుంది. పెద్ద మోడల్, చిన్న మోడల్ మాట్లాడుకోవడమంటే ఇదే.

ఎనిమిదో అడుగు: ముక్క కోసి చూడటం

ప్రెస్ బలం గీత సిమ్యులేషన్‌తో కలిసిందా లేదా అన్నది మొదట చూస్తాం. ఇల్లు అలకగానే పండగ కాదు. బలం సగటు రాశి, వందలో అయిదు కణాలు విరిగినా ఆ గీతకు పెద్దగా తెలియదు. నీళ్లలో ముంచిన ముక్కను నొక్కిన దిశ వెంబడి నిలువుగా కోసి, సిమ్యులేషన్‌లో ఎంచుకున్న బిందువుల దగ్గరే ఫోటోలు తీయండి. ఒక్కో చోట కనీసం కొన్ని వందల కణాలు లెక్కపెట్టి, విరిగినవెన్ని, ఊడినవెన్ని, పెద్దవెన్ని, చిన్నవెన్ని పట్టిక వేయండి. మోడల్ చెప్పిన వంతును అదే చోట పక్కన రాయండి.

పాలిషింగ్ దగ్గర తొందర వద్దు. గట్టి కణం, మెత్తటి లోహం పక్కపక్కన ఉన్నప్పుడు గరుకు కాగితమే కణాలను విరిచేస్తుంది, పీకేస్తుంది. ఆ గుంట అచ్చం ఫోర్జింగ్‌లో ఏర్పడ్డ ఖాళీలాగే కనిపిస్తుంది. తేడా తెలియాలంటే నొక్కని ముక్కను కూడా అదే రోజు, అదే కాగితాలతో, అదే చేత్తో పాలిష్ చేసి లెక్కపెట్టండి. నొక్కని ముక్కలో వచ్చిన సంఖ్యను నొక్కిన దాంట్లోంచి తీసేయండి. మిగిలినదే ప్రెస్ చేసిన నష్టం, మోడల్ పక్కన పెట్టాల్సిన అంకె కూడా అదే. వీలుంటే చివరి పొరను అయాన్ పాలిషింగ్‌తో తీయించుకోండి.

పోలిక తప్పిందనుకోండి, తప్పిన తీరే ఎక్కడ వెతకాలో చెబుతుంది. అన్ని చోట్లా మోడల్ ఎక్కువ కణాలు విరిచేస్తుంటే వీబుల్ బలం తక్కువ పెట్టారు. డై మూల దగ్గర మాత్రమే తప్పితే రాపిడి గుణకమో, డై వేడో సరిగా లేదు. గుంపుల దగ్గర మాత్రమే తప్పితే ఘనంలో గుంపులు పెట్టలేదు, మొదటి అడుగులో గుర్తు పెట్టుకున్న ఫోటోలు మళ్లీ తెరవండి. నెమ్మది వేగంలో మాత్రమే తప్పితే విసరణ వల్ల వచ్చే సడలింపు మ్యాట్రిక్స్ నియమంలో సరిగా రాలేదని అర్థం. కణాలు లేని 6061 ముక్కలతో 0.001 రేటు టెస్టులు మరో రెండు ఉష్ణోగ్రతల్లో చేయించుకోవాలి.